సెట్టులో అవతల ఉన్నది మేక

2022 ఎండాకాలం. ఆత్మకూరు బస్టాండుకు కూతవేటు దూరంలో నా షాపు. రేడియోలు, టేపురికార్డర్లు బాగు చేయడంతో మొదలుపెట్టాను. అవి పోయాక సెల్‌ఫోన్లకు దిగాను. వీధిలో గడపకొక సెల్ షాపు లేచాక వాకీటాకీల్లోకి వచ్చి పడ్డాను. ఈ చుట్టుపక్కల ఆ సెట్లు విప్పి చూసేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి జనం నన్ను సెట్ల మస్తానయ్య అంటారు. వాకీటాకీ అంటే పోలీసుల సామాను అని చాలామంది అనుకుంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పోలీసు ఒక్కడూ లేడు. బోరు లారీల వాళ్లు, క్వారీల వాళ్లు, ఏ.ఎస్.పేట దర్గా దగ్గర బండ్లు నిలబెట్టించే కుర్రాళ్లు, పెళ్లిళ్లలో డ్రోన్లు ఎగరేసేవాళ్లు, కొండల్లో జీవాలు మేపుకునేవాళ్లు. నా గిరాకీ అంతా వీళ్లే.

ఈ పనిలో నా నోరు అరిగిపోయేంతగా చెప్పే మాట ఒకటుంది. సెట్టు కొన్నంత మాత్రాన ఎక్కడపడితే అక్కడ వాడుకోవడానికి లేదు. సెట్టు మాట్లాడేది ఒక ఫ్రీక్వెన్సీ మీద. అంటే గాలిలో ఒక దారి. ఏ దారి ఎవరికో ప్రతి దేశమూ తన లెక్కన తాను పంచుకుంటుంది. లైసెన్స్ లేకుండా మామూలు మనుషులు వాడుకోవడానికి మన దేశం ఒక చిన్న ముక్క వదిలింది. అమెరికా వాళ్లు వేరే ముక్క వదిలారు, యూరప్ వాళ్లు ఇంకొకటి. ఇక్కడ నిక్షేపంగా వాడుకునే సెట్టు విమానం దిగగానే దొంగ సెట్టు అయిపోతుంది. గల్ఫ్ దేశాల్లో ఇంకా గట్టి. ముందుగా వాళ్ల టెలికాం శాఖ అనుమతి లేకపోతే సెట్టు దగ్గర ఉండటమే తప్పు. వాడారా లేదా అనేది తర్వాతి సంగతి.

ఒకసారి ఉదయగిరి లెక్చరరు ఒకాయన బంధువులతో కలిసి రెండు కార్లలో యూరప్ చూడబోతూ నా దగ్గరికి వచ్చాడు. ఒక కారులోంచి ఇంకో కారుకు మాట్లాడుకోవడానికి సెట్లు కావాలన్నాడు. "అయ్యా, నా దగ్గర కొనొద్దు. దిగినాక అక్కడి షాపులో, అక్కడ లైసెన్స్ అక్కర్లేనివి అడిగి తీసుకోండి. తిరిగొచ్చాక మళ్లీ వాటిని ఇక్కడ వాడొద్దు" అన్నాను. వ్యాపారం వద్దనే షాపువాణ్ణి ఆయన అంతకుముందు చూసినట్టు లేడు. అయినా నా మాట విన్నాడు, సుఖంగా పోయి వచ్చాడు. ఇలా విన్నవాళ్ల కథలు ఇంతటితో అయిపోతాయి, చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

పెంచలయ్య కూడా విన్నాడు. నేను చెప్పబోయేది అతని సంగతి.

అతనిది మర్రిపాడు మండలంలో కొండ కింద పల్లె. తాతల నాటి నుంచి జీవాలే బతుకు. మందంతా గొర్రెలే అయినా ముందు నడవడానికి ఒక మేకపోతును పెట్టుకుంటారు వాళ్లు. గొర్రెలకు సొంత బుద్ధి తక్కువ. మేకపోతు ఎటు పోతే అటు పోతాయి. దాని మెడలో గంట కడతారు. గంట ఎక్కడ మోగితే మంద అక్కడ ఉన్నట్టు. పెంచలయ్య మేకపోతు పేరు నల్లోడు.

ఆ 2022 ఎండాకాలం అతను షాపుకు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కూర్చుంటూనే సంగతి చెప్పాడు.

"అన్నా, కొండలో చిరుత తిరగతా ఉండాది. మంద లోయలోకి దిగిపోతే నా కేక అందడం ల్యా. గంట వినబడతాది గాని, నేను పిలిచేది దానికి వినబడదు. నా గొంతు దాని చెవికాడ పెట్టేదానికి ఏమన్నా ఉండాదా?"

ఇన్నేళ్లలో ఇంత సూటిగా తనకేం కావాలో చెప్పిన మనిషి నాకు తగల్లేదు. మన దేశంలో లైసెన్స్ అక్కర్లేని రకం సెట్లు రెండు తీశాను. ఒకటి అతని చేతికి. రెండోదాన్ని నల్లోడి మెడపట్టీలో తోలుసంచి కుట్టించి పెట్టాను. మేక ఏ కంపకో మెడ రుద్దుకుంటే బటన్ నొక్కుకుపోయి సెట్టు అదే పనిగా కూస్తుంది కదా. అందుకని మాట్లాడేటప్పుడు నొక్కే పీటీటీ బటన్‌ను లోపలినుంచే తీసేశాను. అంటే మేక మెడలోని సెట్టు వినిపిస్తుంది, అంతే. దాంట్లోంచి ఎవరూ మాట్లాడలేరు. సిగ్నల్ లేనప్పుడు వచ్చే గర్రుమనే చప్పుడును తొక్కిపెట్టే స్క్వెల్చ్ అనే ఏర్పాటును కూడా గట్టిగా బిగించాను. లేకపోతే ఆ గర్రుకు మేక బెదిరి చస్తుంది.

మొదటిసారి కొండ మీద చూసినప్పుడు నేనూ వెళ్లాను. మంద ఎదుటి వాలులో చీమల్లా కనబడుతోంది. పెంచలయ్య సెట్టు నోటి దగ్గర పెట్టుకుని "ఓ... హొయ్యా... డ్రిర్ర్ర్..." అని నాలుక ఆడించాడు. అక్కడ నల్లోడు తల ఎత్తింది. ఒక్క క్షణం చుట్టూ వెతికింది. తర్వాత తిరిగింది. దాని వెనక మంద మొత్తం తిరిగింది. నేను పకపకా నవ్వాను. అతను మాత్రం నవ్వలేదు.

"ఇది సెట్టు గాదన్నా, ఇంకో గంట" అన్నాడు.

ఆ మాటకు అప్పుడు మురిసిపోయాను. కాదు, ఇది సెట్టే అని అప్పుడే దిద్ది ఉండాల్సింది.

మరుసటి ఏడాది వానల్లేవు. కొండ ఎండిపోయింది. పెంచలయ్య కువైట్‌కు బయల్దేరాడు. అక్కడా జీవాల పనే. ఎడారిలో ఒక అరబ్బు యజమాని మంద కాయడం. మా వైపు నుంచి, బద్వేలు వైపు నుంచి ఈ పనికి పోయేవాళ్లు చాలామందే ఉన్నారు. పోయే ముందు చెప్పి పోదామని షాపుకు వచ్చాడు. భార్య సుబ్బమ్మ కూడా వచ్చి, గుమ్మం పక్కన నిలబడింది. అతని మొహంలో సంతోషం లేదు, దిగులూ లేదు. జీవాల దగ్గరికే పోతున్నాడు కాబట్టి అది పరాయి దేశం అని అతనికి తట్టినట్టు లేదు.

"పెంచలయ్యా, చెవి ఇటు పెట్టు" అన్నాను. "సెట్లు ఇక్కడే వదిలిపో. అక్కడ అనుమతి ల్యాకుండా సెట్టు ఉంటే నేరం. వాడితేనే గాదు, దగ్గరుంటేనే. ఇక్కడ లైసెన్స్ అక్కర్లేదని అక్కడ చెప్తే ఎవురూ వినరు. నీకు నిజంగా సెట్టే కావాలంటే నీ యజమాని చేత అక్కడ అర్జీ పెట్టించి, వాళ్లు ఒప్పుకున్నది కొనిపించుకో."

"నాకు సెట్టెందుకన్నా? మాట్లాడేదానికి అక్కడ ఎవురుండారు?" అన్నాడు.

"అయితే సరే."

"నువ్వు ఇంతగా చెప్పినాక ఎట్ట తీసకపోతాను? తీసకపోను" అన్నాడు. అతను అబద్ధం ఆడే మనిషి కాదు. ఆ రోజూ ఆడలేదు.

ఆరేడు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం సుబ్బమ్మ ఒక్కతే వచ్చింది. చెప్పులు వీధిలోనే విడిచి, నా కౌంటరు మీద ఫోను పెట్టి, "మాట్లాడన్నా" అంది. ఫోనులో ఖాదర్ బాషా. బద్వేలు మనిషి, కువైట్‌లో డ్రైవరు, అరబ్బీ బాగా వచ్చు. మనవాళ్లెవరికి ఏ కష్టం వచ్చినా ఆఫీసుల చుట్టూ తిరిగే రకం.

"అన్నా, పెంచలయ్యను పట్టకపోయినారు. బార్డరు కాపలా వాళ్లకి ఒక మేక దొరికింది. దాని మెడలో వైర్‌లెస్ సెట్టు ఉండాది. దానికి జత సెట్టు ఈయన చేతిలో ఉండాది. అవతల ఎవురు, అవతల ఎవురు అని ఒకటే మాట అడగతా ఉండారు."

"మేక అని చెప్పలేదా?"

"చెప్పినాడు. చెప్పేకొద్దీ వాళ్లకి కోపం వస్తా ఉండాది."

నేను సుబ్బమ్మ వైపు తిరిగి అరిచాను. సెట్లు తీసుకుపోనన్నాడు కదా, ఎందుకు పట్టుకుపోయాడు అని. పాపం, ఆమె తప్పేముంది? అయినా అరిచాను. ఆమె నిదానంగా చెప్పింది.

"ఆయన సెట్టు తీసకపోలేదన్నా. మంద సామాను మూట కట్టుకున్నాడు. గంట, తాడు, మెడపట్టీ. అది పట్టీలోనే కుట్టి ఉండె గదా. చేతిది ల్యాకుంటే పట్టీ పనికిరాదని దాన్నీ అందులోనే చుట్టినాడు. మా ఇంట్లో దాన్ని ఎవురమూ సెట్టు అనం. గంట అనే అంటాము."

 చెన్నైలో విమానం ఎక్కేటప్పుడు గానీ, అక్కడ దిగేటప్పుడు గానీ ఆ మూట ఎవరి కంటా పడలేదు. పడి ఉంటే ఎంత బాగుండేది. సెట్లు లాక్కుని, నాలుగు తిట్లు తిట్టి, మనిషిని వదిలేసేవాళ్లేమో. అతని అదృష్టం బాగుండి దాటిపోయాడు. ఆ అదృష్టమే అతన్ని ముంచింది.

ఖాదర్ చెప్పిన దాన్నిబట్టి జరిగింది ఇది. యజమాని మంద మేసే చోటికి కొంత దూరంలో సరిహద్దు కంచె ఉంది. దాని దరిదాపుల్లోకి జీవాలు పోకూడదని యజమాని మొదటి రోజే గట్టిగా చెప్పాడు. అక్కడ సెల్ సిగ్నల్ లేదు. ఇసుకగాలి లేస్తే పక్కనున్న మనిషే కనబడడు. అందుకని పెంచలయ్య ఆ మందలో ఒక మేకను మచ్చిక చేసి, దానికి పట్టీ కట్టి, కంచె వైపు పోయినప్పుడల్లా సెట్టులో పిలిచి వెనక్కి తిప్పుకుంటున్నాడు. పోకూడని చోటికి పోకుండా ఉండటానికే అతను అది వాడింది. ఒకరోజు గాలిదుమారంలో మేక పిలుపు అందనంత దూరం పోయింది. కాపలా వాళ్ల చేతికి చిక్కింది. యజమాని నాకేమీ తెలియదు అన్నాడు. అది నిజం కూడా.

కేసులు రెండు. ఒకటి, అనుమతి లేని వైర్‌లెస్ వాడటం. అది చిన్నది. రెండోది, సరిహద్దు దగ్గర ఎవరికో కబుర్లు చేరవేస్తున్నాడన్న అనుమానం. దాని పేరు ఎత్తడానికే ఖాదర్ జంకాడు. గూఢచారి అన్న మాటను అతను ఫోనులో ఒక్కసారే అన్నాడు, అదీ గొంతు తగ్గించి.

సెట్టు గురించి వివరంగా రాసిస్తే లాయరుకు ఇస్తానన్నాడు. రాశాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో రాసి, ఆ ఉదయగిరి లెక్చరరు గారి చేత దిద్దించాను. దాని పవరు ఎంత, ఎంత దూరం పోతుంది, ఏ ఫ్రీక్వెన్సీ, మన దేశంలో అది తప్పు కాదు, ఇవన్నీ. ముఖ్యంగా మేక మెడలో సెట్టుకు పీటీటీ లేదు, దాంట్లోంచి ఎవరూ మాట్లాడలేరు, కావలిస్తే విప్పి చూసుకోండి అని రెండుసార్లు రాశాను. ఈ దెబ్బతో తేలిపోతుందని నా నమ్మకం.

వాళ్లు విప్పి చూశారట. బటన్ పీకేసిన సెట్టు కనబడింది. "కంపెనీ సెట్టును ఇట్ట ఎందుకు మార్చినారు? రహస్యంగా వినేదానికి గాకపోతే ఇంకెందుకు?" అని అడిగారని ఖాదర్ చెప్పాడు. మూలిగే నక్క మీద తాటిపండు పడటం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఏ పనితనం చూపించి అతన్ని బయటికి తేవాలనుకున్నానో అదే అతని మెడకు చుట్టుకుంది. రెండు రోజులు షాపు తెరిచానే గానీ ఒక్క స్క్రూ కూడా విప్పలేకపోయాను.

ఇక మిగిలింది ఒకటే దారి. మేక నిజంగా సెట్టులో పిలిస్తే తిరుగుతుందని వాళ్ల కళ్లకు చూపించాలి. నల్లోడు ఇక్కడే ఉంది. ఇంకో జత సెట్లు సిద్ధం చేసి, పట్టీ కుట్టించి, సుబ్బమ్మ మంద దగ్గరికి వెళ్లాను. నేను ఫోనుతో వీడియో తీస్తుంటే ఆమె సెట్టులో పిలిచింది. నల్లోడు చెవి కూడా కదపలేదు. మళ్లీ పిలిచింది. ఊహూఁ. ఆమె గొంతుకు అది ఎప్పుడూ రాలేదట. మొగుడు కువైట్ పోయినప్పటి నుంచి కర్రతో అదిలిస్తూనే మంద తోలుతోంది.

"ఆయన గొంతే కావాలన్నా దానికి" అంది.

తర్వాత తనే ఏదో గుర్తొచ్చినట్టు ఫోను తీసింది. శుక్రవారాలు యజమాని ఇంటికి వచ్చి సిగ్నల్ దొరికినప్పుడు పెంచలయ్య ఆమెకు వాయిస్ మెసేజులు పంపేవాడు. ఒకటి పెట్టింది. "సుబ్బమ్మా, అరబ్బీ మేకలు గూడా మన మాట వింటా ఉండాయి. ఎట్ట పిలస్తానో ఇను" అని, ఆ వెంటనే అదే కూత.

సెట్టు బటన్ నొక్కి, ఫోనును దానికి ఆనించాను. ఓ... హొయ్యా... ఎదుటి వాలులో నల్లోడు దిగ్గున తల ఎత్తింది. మేత నోట్లోనే ఉంది. గిర్రున తిరిగి దిగడం మొదలుపెట్టింది. మంద దాని వెనక పడింది. దగ్గరికి వచ్చాక అది నా చుట్టూ, సుబ్బమ్మ చుట్టూ తిరిగింది. పక్కనున్న బండ వెనక్కి పోయి చూసి వచ్చింది. సుబ్బమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను వీడియో ఆపడం మర్చిపోయాను. అలా ఏడ్వడం నాకు మా నాయన పోయినప్పుడు కూడా చేతకాలేదు.

నేను పంపిన వీడియో చూసి ఖాదర్ ఫోనులో ఒక మెలిక చెప్పాడు. లాయరు చెప్పమన్నాడట.

"అక్కా, ఇది ఇచ్చినామంటే ఆయన ఇక్కడ సెట్టు వాడినాడని మనమే మన నోటితో ఒప్పుకున్నట్టు. ఆ మెసేజులో ఆయన గొంతే ఉండాది గదా. చిన్న కేసు ఖాయమైపోతాది. జైలు పడతాది, తరవాత ఈ దేశం మళ్లీ తొక్కనియ్యరు. ఇయ్యకపోతే పెద్ద కేసు అట్నే ఏలాడతా ఉంటాది. నువ్వే చెప్పాల."

నేను వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. సుబ్బమ్మ ఫోను నా వైపు జరిపింది.

"చేసినదానికి శిక్ష పడితే పడనీ" అంది. "చెయ్యనిదానికి పడగూడదు. ఇచ్చెయ్యమనన్నా."

అదే మాట చెప్పాను. వారం తిరక్కుండా ఖాదర్ మళ్లీ ఫోను చేశాడు. గొంతులో హుషారు. వీడియో చూసి అక్కడివాళ్లు నవ్వారట. నవ్వారంటే సగం నమ్మినట్టే అన్నాడు. పై ఆఫీసరు ఒకాయన ఇంత మాట ఎందుకు, మనిషినీ మేకనూ అది దొరికిన చోటికే తీసుకుపోయి చూద్దాం అన్నాడట. ఆ రోజు సుబ్బమ్మ నా షాపులో మొదటిసారి టీ తాగింది. నేను కూడా బుద్ధి లేకుండా, ఇంకేముంది, వచ్చేసినట్టే అన్నాను.

ఆ తర్వాత ఫోను రాలేదు. మేము చేస్తే ఎత్తలేదు. ఎన్నాళ్లకో ఎత్తి, "అది పనికి రాలేదన్నా. నన్నేమీ అడగొద్దు" అన్నాడు ఖాదర్. పెద్ద కేసు రుజువు కాలేదు, కొట్టెయ్యనూ లేదు. అది అలా నానుతున్నన్ని రోజులూ పెంచలయ్య లోపలే ఉన్నాడు. చివరికి పెద్దది పక్కన పడేసి, చిన్న కేసులో శిక్ష వేశారు. అదీ అనుభవించాక పంపించేస్తారు, వేలిముద్రలు తీసుకున్నారు కాబట్టి మళ్లీ రానివ్వరు అన్నాడు.

ఈలోపు మంద సుబ్బమ్మ చేతిలో నిలవలేదు. ఆమె గొంతు వినని జీవాలతో ఎన్నాళ్లని నెగ్గుకొస్తుంది? ఒక వానాకాలం చిరుత వరసగా మీద పడింది. ఉన్నవాటిని వరికుంటపాడు వాళ్లకు అమ్మేసింది. ముందు నడిచేది లేకపోతే మంద కదలదు కాబట్టి నల్లోడు కూడా వాటితోనే పోయింది.

పెంచలయ్య నిరుడు తిరిగి వచ్చాడు. ఊరు చేరిన చాలా రోజులకు గానీ నా దగ్గరికి రాలేదు. వచ్చి, అప్పట్లో కూర్చున్న చోటే కూర్చున్నాడు. తల ముగ్గుబుట్ట అయింది. మనిషి ఎండిపోయాడు. నేనేమీ అడగదలుచుకోలేదు. టీ తెప్పించాను. గ్లాసు చేతిలో పట్టుకుని అతనే మొదలుపెట్టాడు.

"నువ్వు పంపిన వీడియో చూపించినారన్నా. నల్లోణ్ణి చూసినాను."

"ఊఁ."

"తరవాత నన్ను జీపులో ఆ చోటికే తీసకపోయినారు. అదే మేక. అదే పట్టీ కట్టి దూరంగా వదిలినారు. నా చేతికి సెట్టిచ్చి పిలువు అన్నారు. ఒక చేతికి బేడీ అట్నే ఉండాది. ఆఫీసరు మంచోడే. భయపడాకు, పిలువు, అది వస్తే నువ్వు చెప్పింది నిజమని రాసేస్తా అన్నాడంట. ఖాదరన్న పక్కనుండి తెలుగులో చెప్పినాడు."

"పిలిచినావా?"

అతను గ్లాసు కింద పెట్టాడు.

"నోరు తెరిస్తే గొంతు రాలేదన్నా. గాలే వచ్చింది. నా జన్మలో ఎన్నిసార్లు పిలిచి ఉంటాను ఆ పిలుపు. నిద్దర్లో లేపినా పిలస్తాను. చుట్టూ ఆ జనం, ఆ తుపాకులు, అందురూ నా నోటికేసే చూస్తా ఉండారు. ఇంకోసారి నొక్కినాను. ఏదో వచ్చింది. అది నా గొంతు గాదు. నాకే తెలస్తా ఉండాది అది నా గొంతు గాదని. మేక తల ఎత్తి ఒకసారి చూసి, మళ్లీ మేతలో పడిపోయింది."

"మళ్లీ పిలవాల్సింది గదరా."

"సెట్టు తీసేసుకున్నారు."

 నాకు తెలిసిన విద్యంతా వెతుక్కున్నాను. సెట్టు మైకు దగ్గర వణికే గొంతు ఎలా మారుతుందో నేను చెప్పగలను. తప్పు నీది కాదు అని కూడా చెప్పగలను. రెండూ చెప్పలేదు. చెప్పినా ఏం లాభం?

"సుబ్బమ్మకి ఈ మాట చెప్పలేదన్నా" అన్నాడు లేస్తూ. "వీడియో పంపినందుకే నేను వచ్చినానని అనుకుంటా ఉండాది. అట్నే అనుకోనీ."

ఇప్పుడతను ఆత్మకూరులో ఒక ఫంక్షన్ హాలుకు వాచ్‌మన్. జీవాల జోలికి పోలేదు. ఎప్పుడైనా ఎదురుపడితే చెయ్యి ఎత్తుతాడు, మాట్లాడడు.

పరాయి దేశం పోయేవాళ్లు సెట్ల కోసం వస్తే నేను అవే మాటలు చెబుతాను. ఇక్కడివి అక్కడికి పట్టుకుపోవద్దు, అక్కడ చట్టం ఒప్పుకున్నదేదో ముందే కనుక్కోండి, అనుమతి కావాలంటే కాగితం చేతికొచ్చాకే ముట్టుకోండి. కొత్తగా ఒకటి చేస్తున్నాను. వాళ్లు పోయే ముందు మూట విప్పించి నా కళ్లతో చూస్తున్నాను. జనం విసుక్కుంటారు, విసుక్కోనీ. ఇంతకు మించి ఈ కేసు నాకు నేర్పింది ఎవరికీ చెప్పి లాభం లేదు. తప్పు చెయ్యలేదని రుజువు చేసుకునే అవకాశం పెంచలయ్యకు దొరికింది. నిజం అతని వైపే ఉంది, అధికారి మంచివాడు, మేక అక్కడే ఉంది, సెట్టు కూడా బాగానే పనిచేస్తోంది. భయపడిన మనిషికి గొంతు పెగలదు, అంతే.